రెండు నంబర్ల ప్రయాణం

ఆగస్టు నెల. శంషాబాద్ విమానాశ్రయం. టైము అర్ధరాత్రి దాటింది. అయినా లోపలికి వెళ్లే ద్వారం దగ్గర జాతరే! ఎగిరిపోయేది ఒక్కరు... సాగనంపడానికి వచ్చింది పదిమంది. ట్రాలీ మీద రెండు పెద్ద పెట్టెలు. ఒకదాంట్లో బట్టలు, ప్రెషర్ కుక్కరు. ఇంకోదాంట్లో ఆవకాయ, గోంగూర, కందిపొడి, పిండివంటలు. ఒక్కో పెట్టె 23 కిలోలు దాటకూడదని ఇంటి దగ్గర పదిసార్లు తూకం వేశారు. ఐ-20 కాగితం, సర్టిఫికెట్లు, లోను పత్రాలు అన్నీ ఓ ఫైల్లో సర్ది, మళ్లీ వాటన్నింటికీ రెండేసి జిరాక్సులు తీయించారు నాన్న.

లోపలికి అడుగుపెట్టే ముందు అమ్మ ఆఖరుగా ఓ మాట అంటుంది.

'దిగగానే ఫోన్ చెయ్యి నాన్నా!'

'అలాగేలేమ్మా...'

ఏ ఫోన్ నుంచి? ఏ నంబరుతో? ఆ సంగతి మాత్రం అప్పటిదాకా ఇంట్లో ఎవరూ మాట్లాడుకుని ఉండరు. అక్కడికెళ్లాక ఏదో ఒక సిమ్ తీసుకుంటాడులే అనుకుంటారు. పచ్చడి సీసాకు పెట్టినంత శ్రద్ధ కూడా ఫోన్ నంబరు మీద పెట్టరు. కానీ పచ్చడి అయిపోయినా రోజు గడుస్తుంది. నంబరు పోతే గడవదు!

ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం 2023-24 విద్యాసంవత్సరంలో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అందులో మన తెలుగు పిల్లలూ పెద్ద సంఖ్యలోనే ఉంటారు. విమానం దిగిన మొదటి వారంలోనే వాళ్లందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటే... ఏ ఫోన్ ప్లాన్ తీసుకోవాలి?

చూడ్డానికి చిన్న ప్రశ్నే. కానీ దాని వెనక ఇంకో ప్రశ్న దాగి ఉంది. ఇక్కడి నంబరును ఏం చేయాలి? నిజానికి ముందు తేల్చుకోవాల్సింది దీన్నే.

ఓటీపీ రాని రాత్రి

కరీంనగర్ అబ్బాయి ఒకడు మిస్సోరిలోని వారెన్స్‌బర్గ్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడనుకుందాం. ఆగస్టులో వెళ్లేటప్పుడు ఫోనుకు 28 రోజుల ప్యాకేజీ వేయించుకున్నాడు. వెళ్లాక అక్కడి సిమ్ తీసుకున్నాడు. ఇక్కడి సిమ్‌ను తీసి పర్సులో పెట్టాడు. కొన్నాళ్లకు ఆ సంగతే మర్చిపోయాడు.

జనవరి వచ్చింది. రెండో సెమిస్టర్ ఫీజు కట్టాలి. ఎడ్యుకేషన్ లోనులో రెండో విడత విడుదల కావాలంటే బ్యాంకు వెబ్‌సైట్లోకి వెళ్లి అంగీకారం తెలపాలి. వెళ్లాడు. అన్నీ నింపాడు. 'మీ మొబైలుకు ఓటీపీ పంపించాం' అని వచ్చింది. ఏ మొబైలుకి? పర్సులో ఉన్న, ఎప్పుడో గడువు తీరిపోయిన సిమ్‌కు!

ఇక మొదలవుతుంది పరుగు. ఇంటికి ఫోన్. నాన్న బ్యాంకుకు వెళ్తే, 'నంబరు మార్చాలంటే ఖాతాదారుడే రావాలండీ' అన్నారు. సిమ్ కంపెనీ దుకాణానికి వెళ్తే అక్కడా అదే మాట. అటు యూనివర్సిటీ గడువు దగ్గర పడుతోంది. ఫీజు ఆలస్యమైతే జరిమానా. ఇంకా ఆలస్యమైతే కోర్సుల రిజిస్ట్రేషన్ ఆపేస్తారు. ఎఫ్-1 వీసా మీద వెళ్లినవాళ్లు పూర్తిస్థాయి విద్యార్థిగా పేరు నమోదై ఉండాలన్నది నిబంధన. అంటే రెండు మూడు వందల రూపాయల రీఛార్జి మర్చిపోయినందుకు వీసా దాకా వస్తుంది వ్యవహారం!

ఒకప్పుడు ఈ బాధ లేదు. 2000 తర్వాత తొలి రోజుల్లో వెళ్లినవాళ్లను అడగండి... ఇండియన్ స్టోర్లో కాలింగ్ కార్డు కొనుక్కుని, గీకి, ఆ పొడవాటి నంబరు నొక్కి, నిమిషాలు లెక్కపెట్టుకుంటూ ఇంటికి మాట్లాడిన కథలు చెబుతారు. అప్పట్లో ఫోన్ అంటే మాటలే. ఇప్పుడు ఫోన్ నంబరంటే బ్యాంకు తాళం, సంతకం, గుర్తింపు కార్డు... అన్నీ అదే.

మన నంబరు బతికుండాలి

ప్రీపెయిడ్ సిమ్ గడువు తీరిపోతే ముందు బయటికి వెళ్లే కాల్స్ ఆగుతాయి. తర్వాత వచ్చేవీ ఆగుతాయి. ఆపైన నెలల తరబడి వాడకపోతే నంబరే రద్దవుతుంది. రద్దయిన నంబరును కనీసం 90 రోజులు ఆగి కంపెనీ ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. 2023లో సుప్రీంకోర్టు ముందు ట్రాయ్ చెప్పిన మాట ఇది. అంటే మీ అబ్బాయి బ్యాంకు సందేశాలు ముక్కూమొహం తెలియని మనిషి ఫోన్లో మోగే రోజు రావచ్చన్నమాట.

మరి నెలనెలా డేటా ప్యాకేజీ వేయించాలా? అక్కర్లేదు. డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాకేజీలు కూడా ఇవ్వాలని 2024 డిసెంబరులో ట్రాయ్ నిబంధన తెచ్చింది. ప్రత్యేక వోచర్ల గడువును 90 రోజుల నుంచి 365 రోజుల దాకా పెంచుకోవచ్చనీ చెప్పింది. ఆ తర్వాత 2025 జనవరిలో పెద్ద కంపెనీలు ఏడాది, దాదాపు ఏడాది గడువుతో ఇలాంటివి తెచ్చాయి. అప్పట్లో వాటి ధర రెండువేల రూపాయల లోపే. ధరలు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే వారంలో ఓసారి కనుక్కోవాలి. ఏడాదికోసారి... పుట్టినరోజుకో, ఉగాదికో రీఛార్జి చేయించే బాధ్యత నాన్న తీసుకుంటే పిల్లలకు ఆ బెంగ ఉండదు.

ఇంకో సంగతి. రీఛార్జి ఉంటే చాలదు. విదేశంలో ఆ సిమ్‌కు సిగ్నల్ రావాలంటే ఇంటర్నేషనల్ రోమింగ్ తెరిచి ఉండాలి. ఇది ఇక్కడ ఉండగానే చేయించుకోవాలి. రోమింగ్‌లో వచ్చే ఎస్సెమ్మెస్‌కు చాలా కంపెనీలు డబ్బు తీసుకోవు. కానీ వచ్చిన కాల్ ఎత్తితే మాత్రం మోతే! కాబట్టి ఆ సిమ్‌కు డేటా రోమింగ్ ఆపేయాలి, కాల్స్ ఎత్తకూడదు. ఎస్సెమ్మెస్‌ల కోసం మాత్రమే దాన్ని బతికించుకోవాలి.

కొందరు ఇంకో పద్ధతి పాటిస్తారు. సిమ్‌ను నాన్న దగ్గరే వదిలి వెళ్తారు. ఓటీపీ వస్తే ఆయన ఫోన్లో చదివి చెప్పాలి. వినడానికి బాగానే ఉంది. కానీ అమెరికా మధ్య రాష్ట్రాల్లో సాయంత్రం అయిదైతే మనకు తెల్లవారుజామున మూడున్నర! చలికాలం గడియారాలు వెనక్కి జరిపాక నాలుగున్నర. ఓటీపీ గడువేమో కొద్ది నిమిషాలు. రోజూ జరిగే పని కాదిది. పైగా 'ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు' అని మనమే పిల్లలకు చెప్పి, మనమే ఫోన్లో అప్పజెప్పడం అలవాటు చేసుకుంటే, రేపు ఎవడో అబ్బాయి గొంతుతో అడిగితే చెప్పేయమూ?

సిమ్ ఎక్కడ పెట్టాలి?

రెండు సిమ్‌లు పట్టే ఫోనుంటే సగం సమస్య తీరినట్టే. ఒక చోట మన సిమ్, రెండో చోట అక్కడిది. ఈసిమ్ ఉన్న ఫోనయితే ఇంకా సులువు. ఈసిమ్ అంటే ప్లాస్టిక్ ముక్క లేని సిమ్. కంపెనీ పంపే గీతల బొమ్మను స్కాన్ చేస్తే నంబరు ఫోన్లోకి వచ్చేస్తుంది.

అయితే ఏది మామూలు సిమ్, ఏది ఈసిమ్? మన నంబరును మామూలు సిమ్‌గా ఉంచుకుని, అక్కడి నంబరును ఈసిమ్‌గా తీసుకోవడం ఒక పద్ధతి. దీనికో కారణముంది. ఫోన్ నీళ్లలో పడి చెడిపోయిందనుకోండి. మామూలు సిమ్‌ను తీసి స్నేహితుడి పాత ఫోన్లో వేసుకోవచ్చు. మన ఈసిమ్ పోతే మాత్రం మళ్లీ పొందడానికి ఇక్కడి కంపెనీతో తంటాలు పడాలి... అదీ సముద్రాల అవతలి నుంచి! అమెరికా ఈసిమ్ పోతే ఫర్వాలేదు, కంపెనీ పక్కనే ఉంటుంది.

ఇక్కడే ఓ తిరకాసు ఉంది. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ పెట్టే అరే ఉండటం లేదు. అక్కడికెళ్లాక మొదటి జీతంతో ముచ్చటపడి కొత్త ఐఫోన్ కొంటే... మన సిమ్ ముక్కను పెట్టడానికి చోటే లేదు! అలాంటి ఆలోచన ఉంటే మన నంబరును ఈసిమ్‌గా మార్చుకోవడం ఎలాగో వెళ్లేముందే కంపెనీని అడిగి పెట్టుకోవాలి. లేదంటే పాత ఫోన్‌ను పారేయకుండా మన సిమ్‌కు అట్టిపెట్టుకోవాలి.

ఇక వాట్సాప్. అమ్మానాన్నలకు పరిచయమైన నంబరు పాతదే కాబట్టి దాన్నే కొనసాగిస్తారు చాలామంది. మంచిదే. అయితే ఏ సిమ్‌తో నమోదయ్యారో ఆ సిమ్ ఫోన్లో ఉంటేనే ఇలాంటి యాప్‌లు పనిచేసేలా చూడాలని 2025 నవంబరులో కేంద్ర టెలికాం శాఖ కంపెనీలను ఆదేశించింది. సిమ్‌ను పర్సులో కాకుండా ఫోన్లోనే ఉంచుకోవడానికి ఇది ఇంకో కారణం.

ముగ్గురు యజమానులు... ముప్పై దుకాణాలు

మన నంబరు సంగతి తేలిపోయింది. ఇప్పుడు అక్కడి నంబరు.

అమెరికాలో దేశమంతా టవర్లున్న పెద్ద కంపెనీలు ప్రధానంగా మూడు. వెరైజన్, ఏటీ అండ్ టీ, టీ-మొబైల్. నాలుగోదైన స్ప్రింట్ 2020లో టీ-మొబైల్‌లో కలిసిపోయింది. కానీ అంగడికి వెళ్తే పేర్లు బోలెడు కనిపిస్తాయి. మింట్, విజిబుల్, క్రికెట్, మెట్రో, గూగుల్ ఫై... వీటికి సొంత టవర్లు ఉండవు. పెద్ద కంపెనీల టవర్ల మీదే నడుస్తాయి. మింట్, మెట్రో, గూగుల్ ఫై టీ-మొబైల్ టవర్ల మీద. విజిబుల్ వెరైజన్ మీద. క్రికెట్ ఏటీ అండ్ టీ మీద.

అదే టవరు, అదే సిగ్నలు. మరి ధరలో అంత తేడా ఎందుకు? ఊళ్లో ఆర్టీసీ బస్సును ఊహించుకోండి. బస్సు ఖాళీగా ఉంటే అందరికీ సీటు దొరుకుతుంది. రద్దీ పెరిగితే? రిజర్వేషన్ ఉన్నవాళ్లకే ముందు చోటు. చౌక ప్లాన్లలో చాలావాటికి ఆ రిజర్వేషన్ ఉండదు. ఫుట్‌బాల్ మ్యాచ్ రోజు స్టేడియం దగ్గర వేలమంది ఒక్కసారే ఫోన్లు తీస్తే ఇంటర్నెట్ నెమ్మదిస్తుంది. క్యాంపస్‌లో, గదిలో వైఫై ఉండే విద్యార్థికి దీంతో పెద్ద నష్టం లేదు.

అసలు చూడాల్సింది కంపెనీ పేరు కాదు... ఊరి పేరు. డాలస్, షికాగో లాంటి నగరాల్లో మూడు కంపెనీల సిగ్నలూ బాగానే ఉంటుంది. మన పిల్లలు చాలామంది వెళ్లే యూనివర్సిటీలు చిన్న చిన్న పట్టణాల్లో ఉంటాయి. అక్కడ ఒకదానికి అయిదు గీతలుంటే ఇంకోదానికి ఒకటే ఉండొచ్చు. అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ వెబ్‌సైట్లో ఏ వీధిలో ఏ కంపెనీ సిగ్నలుందో చూపించే మ్యాపు ఉంది. దానికన్నా నమ్మకమైనది ఇంకోటుంది... అదే యూనివర్సిటీలో చదువుతున్న సీనియర్లు. 'నీ ఫోనుకు గదిలో సిగ్నల్ వస్తుందా అన్నా? లైబ్రరీ కింది అంతస్తులో వస్తుందా? రాత్రి బస్టాపులో వస్తుందా?' ఈ మూడూ అడిగితే చాలు.

అలాగే ఇక్కడి నుంచి తీసుకెళ్లే ఫోన్ అక్కడ పనిచేస్తుందా అన్నదీ చూసుకోవాలి. అమెరికాలో పెద్ద కంపెనీలు 2022లో 3జీని పూర్తిగా మూసేశాయి. ఇప్పుడు మాటలు కూడా 4జీ, 5జీ మీదే వెళ్లాలి. ఇక్కడ కొన్న కొన్ని ఫోన్లలో అక్కడ ఇంటర్నెట్ వస్తుంది గానీ కాల్స్ వెళ్లవు. ఫోన్లో స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్ నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. దాన్ని ఆ కంపెనీ వెబ్‌సైట్లో కొట్టి చూస్తే పనిచేస్తుందో లేదో తెలిసిపోతుంది. ఇది ఇంట్లో కూర్చునే చేయొచ్చు.

ముందు ప్రీపెయిడ్

పోస్ట్‌పెయిడ్ కావాలంటే సాధారణంగా క్రెడిట్ చరిత్ర చూస్తారు. సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతారు. నిన్నగాక మొన్న దిగిన విద్యార్థికి ఇవేవీ ఉండవు. క్యాంపస్‌లో ఉద్యోగం దొరికితే తప్ప ఎఫ్-1 విద్యార్థికి మొదట్లో ఆ నంబరే రాదు. అందుకని కొన్నిచోట్ల డిపాజిట్ కట్టమంటారు.

ప్రీపెయిడ్‌కు ఈ గొడవేదీ లేదు. డబ్బు కట్టు, వాడుకో. నచ్చకపోతే మానేయ్. మింట్ లాంటివి మూడు నెలలకు ఒకేసారి కట్టించుకుని చౌకగా ఇస్తాయి. అందుకే తొలి మూడు నెలలకు ప్రీపెయిడే తీసుకోవడం ఉత్తమం. అప్పటికి ఏ గదిలో ఉంటామో, ఎంత డేటా వాడతామో, ఎక్కడ పనిచేస్తామో తేలుతుంది. తర్వాత కంపెనీ మారినా నంబరు మారదు. ఉన్న నంబరుతోనే వేరే కంపెనీకి వెళ్లే హక్కు అక్కడా ఉంది. మామూలుగా ఒక పనిదినంలో అయిపోతుంది. ఒక్కటే జాగ్రత్త... కొత్త కంపెనీకి మారిపోయేదాకా పాత కనెక్షన్ రద్దు చేయకూడదు. ముందే రద్దు చేస్తే నంబరు చేజారుతుంది.

చిన్న లెక్క చూద్దాం. ఒకరు నెలకు 25 డాలర్ల ప్రీపెయిడ్ తీసుకున్నారు. ఇంకొకరు పెద్ద కంపెనీలో పన్నులతో కలిపి 70 డాలర్ల ప్లాన్ తీసుకున్నారు అనుకుందాం. నెలకు తేడా 45 డాలర్లు. ఏడాదికి 540. రెండేళ్ల ఎమ్మెస్ అయ్యేసరికి 1,080 డాలర్లు! అప్పు చేసి చదివే ఇంట్లో ఇది చిన్న మొత్తమా? ఒక్కో డాలరూ వడ్డీ కట్టి తెచ్చుకున్నదే కదా!

ప్రకటనలో ఒక ధర, బిల్లులో ఇంకో ధర ఉండటం అక్కడా మామూలే. పన్నులు, రకరకాల ఫీజులు విడిగా వేస్తారు. అందుకే ఎఫ్‌సీసీ తెచ్చిన ఓ నిబంధన 2024లో అమల్లోకి వచ్చింది. బిస్కట్ ప్యాకెట్ మీద పోషకాల పట్టిక ఉన్నట్టు, ప్రతి ఇంటర్నెట్ ప్లానుకూ ధర, వేగం, డేటా పరిమితి చెప్పే చిన్న పట్టిక చూపించాలన్నది దాని సారాంశం. కొనేముందు ఆ పట్టిక చదవడానికి రెండు నిమిషాలు చాలు. 'అన్‌లిమిటెడ్' అన్న పెద్ద అక్షరాల కింద ఎన్ని జీబీల తర్వాత వేగం తగ్గిస్తారో చిన్న అక్షరాల్లో ఉంటుంది. కళ్లు పెట్టాల్సింది అక్కడే.

ఉచితమనే ఉచ్చు

'కొత్త ఫోన్ ఫ్రీ!' షాపు అద్దం మీద పెద్ద బోర్డు. ఎవరికి ఆశ పుట్టదు? కానీ చాలావరకు ఆ ఫోన్ ఖరీదును 24 లేదా 36 నెలల వాయిదాలుగా వేస్తారు. ప్రతి నెలా ఆ వాయిదా మేరకు బిల్లులో తగ్గిస్తారు. ఏడాది తర్వాత ప్లాన్ మానేస్తే తగ్గింపు ఆగిపోతుంది, మిగిలిన వాయిదాల మొత్తం నెత్తిన పడుతుంది. చదువయ్యాక ఏ రాష్ట్రంలో ఉద్యోగమొస్తుందో, అసలు అక్కడే ఉంటామో లేదో తెలియని విద్యార్థికి మూడేళ్ల ముడి ఎందుకు? పైగా అలాంటి ఫోన్లు చాలావరకు బాకీ తీరేదాకా ఆ కంపెనీకే లాక్ అయి ఉంటాయి. వేసవి సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు ఇక్కడి సిమ్ వేస్తే పనిచేయదు.

ఇంకోటి... ఫ్యామిలీ ప్లాన్. ఒక్కరు తీసుకుంటే ఖరీదు. నలుగురైదుగురు కలిస్తే తలకు పడేది బాగా తగ్గుతుంది. అందుకే గదిలో ఉండే మనవాళ్లంతా కలిసి ఒక ఖాతా తెరుస్తుంటారు. మంచి ఆలోచనే. అయితే బిల్లు మొత్తానికి బాధ్యుడు ఒక్కడే... ఖాతా ఎవరి పేరుతో ఉంటే వాడు! ఒకడు ఉద్యోగం వచ్చి కాలిఫోర్నియా వెళ్లిపోయి తన వాటా పంపడం మర్చిపోయాడనుకోండి. బాకీ ముదిరితే మచ్చ పడేది ఖాతాదారుడి క్రెడిట్ చరిత్రకే. రేపు ఇల్లు అద్దెకు కావాలన్నా, కారు లోను కావాలన్నా అదే అడ్డమొస్తుంది. ఒకరి పేరు మీద చేరేవాళ్లకూ చిక్కుంది. ఖాతాదారుడు తల్చుకుంటే లైన్ ఆపేయొచ్చు. అతని అనుమతి లేకుండా నంబరు బయటికి తీసుకెళ్లడమూ కష్టం. అందుకే డబ్బుల లెక్క, బయటికి వెళ్లే పద్ధతి ముందే మాట్లాడుకోవాలి. స్నేహం స్నేహమే, పద్దు పద్దే.

ఫోన్ మోగితే...

అక్కడి నంబరు చేతికొచ్చిన కొద్దిరోజులకే కొత్తకొత్త కాల్స్ మొదలవుతాయి. 'ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం. మీ వీసాలో లోపం ఉంది. ఇప్పుడే డబ్బు కట్టకపోతే అరెస్టు చేస్తాం.' తెరమీద చూస్తే నిజంగానే ప్రభుత్వ కార్యాలయం నంబరు కనిపిస్తుంది! తమ నంబరుకు బదులు వేరే నంబరు కనపడేలా చేయడం మోసగాళ్లకు చిటికెలో పని. కొత్త దేశం, ఒంటరి గది, వీసా భయం... చదువుకున్న పిల్లలే బెదిరిపోతారు.

ఒక్క మాట గుర్తుంటే చాలు. ఏ ప్రభుత్వ శాఖా ఫోన్ చేసి గిఫ్ట్ కార్డులు కొని వాటి నంబర్లు చెప్పమనదు. లైనులోనే ఉండమని, ఎవరితోనూ చెప్పొద్దని అన్నారంటే అది మోసమే. కాల్ కట్ చేసి, యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి వెళ్లి అడగాలి. వీసా సంగతులు చూసే అధికారి అక్కడే ఉంటారు. 'అమ్మకు తెలిస్తే కంగారు పడుతుంది' అని దాచే పిల్లలే ఎక్కువగా నష్టపోతారు. అలాంటి కాల్ వస్తే వెంటనే చెప్పమని, చెప్పినా తిట్టమని ఇంట్లోవాళ్లు ముందే మాటివ్వాలి.

ఇంకో నంబరు... 911. పోలీసు, అంబులెన్సు, ఫైరింజను అన్నింటికీ అదే. ప్లాన్ గడువు తీరిపోయిన ఫోన్ నుంచైనా అమెరికాలో 911కు చేయొచ్చు. ఆ కాల్‌ను కంపెనీలు ఆపకూడదన్నది నిబంధన. మనసు బాగాలేక, బతుకు మీదే విసుగొచ్చిన రాత్రి చేయాల్సిన నంబరు 988. 2022 జులై నుంచి దేశమంతా ఇదే నంబరు. సాయం కోసం ఇది రోజంతా పనిచేస్తుంది. ఈ రెండు నంబర్లూ వెళ్లేముందే పిల్లల ఫోన్లో ఉండాలి.

ఇంటివాళ్ల వంతు

ఫోన్ ప్లాన్ పిల్లల పనే అనుకోకూడదు. ఇంట్లోవాళ్లూ ఓ చిన్న నోటు పుస్తకం పెట్టుకోవాలి. అందులో అమ్మాయి లేదా అబ్బాయి అమెరికా నంబరు, గదిలో ఉండే ఇద్దరి నంబర్లు, యూనివర్సిటీ అంతర్జాతీయ కార్యాలయం నంబరు, ఇంటి చిరునామా రాసుకోవాలి. ఫోన్లో మాత్రమే ఉంటే చాలదు. ఫోనే పోతే?

తాతయ్య దగ్గర బటన్ల ఫోనే ఉందా? వాట్సాప్ లేదా? అలాగైతే ఇండియాకు మామూలు కాల్స్ కలిపి ఇచ్చే ప్లాన్లూ అక్కడ ఉన్నాయి. మిగతా ఇల్లంతా వీడియో కాల్‌లో కనిపించినా, పల్లెలో ఉన్న తాతయ్యకు నెలకోసారి మనవరాలి గొంతు వినిపించడానికి నాలుగు డాలర్లు ఎక్కువైనా దండగ కాదు.

ఇక రోజూ పొద్దున్నా సాయంత్రం ఫోన్ చేయాలని పట్టుపట్టకుండా, వారంలో ఏ రోజు, ఏ టైముకు మాట్లాడుకోవాలో అనుకుంటే ఇద్దరికీ హాయి. మన ఆదివారం ఉదయం వాళ్ల శనివారం రాత్రి. ఇక్కడ టిఫిన్లు, అక్కడ భోజనాలు. ఆ సమయానికి మించింది లేదు.

బయలుదేరే ముందు...

* మన నంబరుకు కాల్స్, ఎస్సెమ్మెస్‌ల దీర్ఘకాలపు ప్యాకేజీ వేయించండి. గడువు తేదీని ఇంట్లో క్యాలెండర్ మీద రాయండి.

* ఇంటర్నేషనల్ రోమింగ్ తెరిపించండి. డేటా రోమింగ్ ఆపేయండి.

* తీసుకెళ్లే ఫోన్లోనే బ్యాంకు యాప్ పెట్టుకుని, ఇక్కడ ఉండగానే ఒకసారి వాడి చూడండి. ఇలాంటి చాలా యాప్‌లు మొదటిసారి మన సిమ్ నుంచి ఓ ఎస్సెమ్మెస్ పంపుతాయి. రోమింగ్‌లో పంపితే ఖర్చు.

* బ్యాంకు ఖాతాకు, లోను ఖాతాకు ఈమెయిల్ కూడా జత చేయించండి. విదేశానికి చదువుకు వెళ్లేవాళ్లను ఫెమా నిబంధనల ప్రకారం ప్రవాసులుగానే చూస్తారు. ఖాతాను ఎన్ఆర్ఓగా మార్చే సంగతి బ్యాంకులో అడగండి. ఎన్ఆర్ఐ ఖాతాలకు అమెరికా సహా పది దేశాల మొబైల్ నంబర్లతో యూపీఐ ఇవ్వొచ్చని 2023 జనవరిలో ఎన్‌పీసీఐ అనుమతించింది. మీ బ్యాంకు ఇస్తుందేమో కనుక్కోండి.

* ఐఎంఈఐ నంబరుతో ఫోన్ అక్కడ పనిచేస్తుందో లేదో చూడండి.

* అమెరికా బ్యాంకులో ఇంటర్నెట్ ఉచిత నంబర్లు ఇవ్వకండి. చాలా బ్యాంకులు వాటికి కోడ్ పంపవు. మామూలు మొబైల్ నంబరే ఇవ్వండి.

ఇవన్నీ చూసుకోవడానికి ఒక పూట పడుతుంది. పెట్టెల తూకానికి పట్టినంత సమయం కూడా కాదు.

అప్పుడు శంషాబాద్‌లో అమ్మ 'దిగగానే ఫోన్ చెయ్యి నాన్నా' అన్నప్పుడు, అబ్బాయి ధైర్యంగా 'అలాగేనమ్మా' అంటాడు. విమానం దిగుతాడు. ఎయిర్‌పోర్టు వైఫై అందుకుంటాడు. ఇక్కడ ఇంట్లో టీవీ పక్కన పెట్టిన ఫోన్ మోగుతుంది. తెరమీద అదే పాత నంబరు, అదే పాత ఫొటో.

'వచ్చేశానమ్మా. ఇదిగో, నా కొత్త నంబరు కూడా రాసుకో...'

నాన్న అప్పటికే నోటు పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని కూర్చుని ఉంటారు.